అక్క అల్లిన వీపు ముక్క

ఫోన్ రిసీవర్ నా చేతిలోంచి జారి వంటింట్లో నేల మీద పడిన రోజు ఒంట్లో ఏదో తేడా ఉందని మొదటిసారి అనుమానం వచ్చింది. పంతొమ్మిది వందల ఎనభై ఒకటి, అక్టోబర్. ఫోన్ అంత తేలిగ్గా వదిలే మనిషిని కాదు నేను. హైదరాబాద్ నుంచి ఈ పరాయి దేశంలో మోరిస్‌విల్ ఊరికి వచ్చిన వారానికే గోడ ఫోన్‌కి పొడవాటి తీగ వేయించుకున్నాను. రిసీవర్‌ని మెడకీ భుజానికీ మధ్య ఇరికించి, వండుతూ, అల్లుతూ మాట్లాడుతూనే ఉండేదాన్ని.

అప్పుడు మా ఆయన మురళికి స్వెటర్ అల్లుతున్నాను. ఊలు హేజల్ ఇచ్చింది. మా ఇంటికి నాలుగు మైళ్ల దూరంలో గొర్రెలు పెంచుకునే ముసలావిడ. ఆ ఉన్నిని తనే రాట్నం మీద వడుకుతుంది. చేత్తో వడికిన ఊలు ఒకచోట సన్నం, ఒకచోట లావు. ఎంత బిగించాలో వేళ్లకే తెలియాలి. ఆ వారం నా వేళ్లకి తెలియడం మానేసింది, గ్లవ్స్ తొడుక్కుని అల్లుతున్నట్టు. కుట్లు జారిపోతుంటే ఊలు బాగా లేదని హేజల్‌కి ఫోన్ చేసి మరీ విసుక్కున్నాను.

రెండు రోజులకి మెట్లు ఎక్కలేకపోయాను. ఎమర్జెన్సీలో డాక్టర్ చిన్న సుత్తితో మోకాలి కింద కొట్టాడు. కాలు ఉలకలేదు. స్పైనల్ టాప్ అంటూ వెన్నులోంచి నీరు తీశారు, నర్వ్ కండక్షన్ టెస్ట్ అంటూ నరాలకి కరెంటు పెట్టి చూశారు. అంతకు రెండు వారాల ముందు నాకు ఫ్లూ వచ్చిందని విని తలూపాడు.

"గిలాన్ బారే సిండ్రోమ్. నరాలు చచ్చుబడే జబ్బు. ఇంకా పెరుగుతుంది, తర్వాత ఆగుతుంది, తర్వాత తగ్గుతుంది. ఎప్పుడని మాత్రం అడగకు" అన్నాడు.

అడిగాను. సుత్తి జేబులో పెట్టుకుని, నన్ను ఐసీయూకి పంపమన్నాడు.

ఐసీయూలో నర్సు, ఊపిరి బలం ఎంతుందో చూడ్డానికి, ప్రతి రెండు గంటలకీ ఒకే ఊపిరిలో అంకెలు లెక్కపెట్టించేది. కోపంతో తెలుగులో లెక్కపెట్టాను. ఎక్కడ ఆగానో ఆవిడకి అర్థం కాలేదు, మళ్లీ మొదటినుంచీ ఇంగ్లీషులో పెట్టించింది. వెంటిలేటర్ దాకా వెళ్లలేదు. చేతులూ కాళ్లూ మాత్రం పూర్తిగా పడిపోయాయి.

అప్పుడు వాళ్లుండే ఊరు చాండ్లర్ నుంచి రమణక్క వచ్చింది. మా బావగారి భార్య, నాకు తోడికోడలు. రెండు రోజుల్లో నర్సులందరి పేర్లూ నేర్చుకుంది. చిక్కు పడకుండా నాకు జడ వేసేది. నాకు చెంచాతో జెల్లో అనే చప్పటి తీపి ముద్ద తినిపిస్తూ మురళి, రాత్రి వదిన పెట్టిన చారు ఎంత బాగుందో చెప్పేవాడు. లేచి కొట్టే ఓపిక లేక మింగి ఊరుకునేదాన్ని.

అన్నిటికన్నా ఫోన్ కష్టం. అమ్మ కాల్ చేస్తే రిసీవర్ నా చెవి దగ్గర పట్టుకునేది అక్కే. ఆవిడ మీద చాడీలు ఆవిడ పట్టుకున్న ఫోన్‌లో ఎలా చెప్పను? బాగా చూసుకుంటోందనే చెప్పేదాన్ని. నువ్వు అదృష్టవంతురాలివే అనేది అమ్మ. అమ్మ కూడా ఆవిడ వైపే.

ఒక మధ్యాహ్నం అక్క సంచిలోంచి సూదులు తీసింది. పొగ రంగు ఊలు చూడగానే గుర్తుపట్టాను. హేజల్‌ది. నేను మురళికి అల్లుతూ వదిలేసిన స్వెటర్. ఆవిడ టీవీ వైపు చూస్తూ, అసలు చేతుల వైపే చూడకుండా అల్లుతోంది. వరసలన్నీ సమానంగా పడుతున్నాయి. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. అడిగితే ఏడుపొస్తుందని అడగలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఆరు వారాలూ అడగలేదు.

రిహాబ్‌లో, అంటే మళ్లీ కదలడం నేర్పే వార్డులో, బొటనవేలిని ఒక్కో వేలికీ తాకించమనేవారు. చిటికెన వేలు అందడానికి నెల పట్టింది. వాకర్‌తో ఇంటికొచ్చాను. లాగడానికి పనికొచ్చాయి వేళ్లు, అల్లడానికి కాదు.

ఓ రోజు అక్కా మురళీ గ్రోసరీకి వెళ్లారు. సోఫా మీద అక్క అల్లుతున్న పెద్ద ముక్క కనిపించింది. సూదిని పళ్లతో పట్టి లాగేసి ఊడదీయడం మొదలుపెట్టాను. కొట్లో కొన్న ఊలైతే సర్రున వచ్చేసేది. ఇది నూగుతో ఒకదాన్నొకటి పట్టుకుంది, తెగింది, అయినా వదల్లేదు నేను. గంట తర్వాత చేతులు భుజాల నుంచి చచ్చుబడ్డాయి.

తలుపు తీసుకుని వచ్చిన అక్క నా ఒళ్లో ఊలు కుప్ప చూసింది. లోపలికి వెళ్లి ఒక దిండు గలీబు తెచ్చింది. అందులో మురళి స్వెటర్, నేను వదిలిన వరస దగ్గరే. జారిన కుట్లు ఇంకా జారిపోకుండా పిన్నీసులు పెట్టి ఉన్నాయి.

"నీ అల్లికలో నేనెందుకు చెయ్యి పెడతానే? నీ చేతులు పైకి లేవట్లేదు, తల మీంచి వేసుకోలేవు. హేజల్ దగ్గర ఇంకో నాలుగు చిలపల ఊలు తెచ్చి, ముందు గుండీలు వచ్చేలా నీకే మొదలుపెట్టా. నువ్వు ఊడదీసింది వీపు" అంది.

"నీ చేతులు చూస్తే ఒళ్లు మండిపోయేది అక్కా."

"నీకొక్కదానికేనా మంట? మురళి ఆఫీసు మానేసి నీ మంచం పక్కనే కూర్చున్నాడు. నాకు ఆపరేషన్ అయినప్పుడు మీ బావగారు సాయంత్రం వచ్చి టీవీ పెట్టుకున్నారు. రోజూ చూసి ఏడ్చుకున్నా."

తర్వాత తనే నా ఒళ్లోంచి ఊలు తీసి చిలపగా చుట్టింది.

ఆ గంట పనికి మూడు రోజులు మంచం దిగలేదు. ఇవాళ్టి బలమంతా ఇవాళే వాడేస్తే రేపు నడవలేవని థెరపిస్ట్ గట్టిగా తిట్టింది. హేజల్ వచ్చి, ఊడదీసిన ఊలుని గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి వేలాడదీస్తే ముడతలు పోతాయని చెప్పింది. తెగిన కొసలు రెండూ తడిపి అరచేతుల మధ్య గట్టిగా రుద్దితే అతుక్కుంటాయి. ఆ రుద్దడమే నా ఎక్సర్‌సైజ్ అయింది. తెగిన చోట్లు చాలానే ఉన్నాయి మరి.

ఇప్పటికి రెండేళ్లు. ఎడమ కాలి వేళ్లు ఇంకా మొద్దే. మధ్యాహ్నం మూడయ్యేసరికి అలసిపోతాను. రిసీవర్ మాత్రం నేనే పట్టుకుంటున్నాను. వీపు నేనే మళ్లీ అల్లాను, వంకరగా వచ్చింది. ముందు ముక్కలూ చేతులూ అక్క చాండ్లర్ నుంచి పోస్ట్‌లో పంపింది, గీత గీసినట్టున్నాయి. వేసుకున్నప్పుడల్లా కాస్త మండుతుంది. మండితే ఫోన్ చేసి అక్కకే చెప్తాను, నవ్వుతుంది.

మంచం మీదున్నవాళ్లకి నేను చెప్పేది ఒకటే. మీది అనుకున్న వస్తువు ఇంకొకరి చేతిలో కనిపిస్తే, అదేంటని ఆ రోజే అడగండి. చేతులు పడిపోయినా నాకు నోరు ఉంది. ఆరు వారాలు దాన్ని వాడలేదు.