రూత్ దీదీ వెలికి తీసిన తూనీగ

నిన్న పొద్దున్న కూరగాయల బండి దగ్గర వంకాయలు ఏరుతుంటే ఫోన్ వచ్చింది.

రూత్ దీదీ ఇక లేరట. రాత్రి నిద్రలోనే.

రాంగ్ నంబర్ అయ్యుంటుందని ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. ఫోన్ చేసింది ఆవిడ సొంత తమ్ముడు. ఇంక రాంగ్ నంబర్ ఏమిటి, నా మొహం.

ముందురోజు సాయంత్రమే దీదీ మా నాన్న గురించి నాకు మెసేజ్ పెట్టారు. "బాబాయ్ ఈ వారం పిట్టల ఫోటోలు పంపలేదేటి? అలిగారా?" అని.

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దీదీది భీమిలి వైపు నుంచి ఈ హిందీ ఊరి స్టీల్ టౌన్‌షిప్‌కి వచ్చిన కుటుంబం. సెక్టర్ 4లో తమ్ముడి దగ్గర ఉండేవారు. ఉద్యోగమంతా ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీయడమే.

రిటైరయ్యాక ఆవిడకు పట్టిన పిచ్చి మాత్రం ఇంకెవరికీ ఉండదు. పిట్టల ఫోటోలు తీసే మా వాట్సాప్ గ్రూప్‌లో అందరూ పారేసే ఫోటోలు అడిగి మరీ తీసుకునేవారు. మసకబారినవి, చీకటిగా వచ్చినవి, పొగలో మునిగిపోయినవి. కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని బాగుచేసేవారు.

"మంచి ఫోటోకి నేనెందుకు? రోగమొచ్చిందేదైనా ఉంటే పంపండి" అనేవారు.

మా నాన్న సంగతి చెప్పకుండా దీదీ సంగతి చెప్పలేను.

నాన్న ఇక్కడి స్టీల్ ప్లాంట్‌లో లోకో, అంటే సరుకు లాగే రైలింజన్, నడిపారు. రిటైరయ్యాక కెమెరా కొనుక్కుని పిట్టల వెంట పడ్డారు. కిందటేడాది స్ట్రోక్ వచ్చింది. కుడిచెయ్యి వణుకు, మాట ఆలస్యం.

మాట తడబడితే చాలు, బుర్ర కూడా పోయిందనుకుంటారు జనం. నాన్న ఏదో చెప్పబోతే "హా బాబూజీ, హా" అని తలూపి వెళ్లిపోయేవారు.

కొంచెం తేరుకున్నాక మా ఆయన స్కూటర్ మీద నాన్నని ఊరి చివర జాముల్ అవతల చెరువుకి తీసుకెళ్లారు. ఒకే ఒక్క ఫోటో తీశారు నాన్న. ఇంటికొచ్చి ఒకటే సంబరం.

"పసిరిక పిట్ట... మూతిలో... తూనీగుంది."

పసిరిక అంటే పురుగుల్ని పట్టి తినే చిన్న ఆకుపచ్చ పిట్ట. ఫోటో చూశాం. తెల్లటి ఆకాశం, కరెంటు తీగ, దాని మీద నల్లటి ముద్ద. అంతే. పిట్ట అని చెబితే తప్ప ఎండుటాకు అనుకుంటాం.

"తూనీగ ఎక్కడుంది మావయ్యా?" అన్నారు మా ఆయన.

నాన్న స్క్రీన్ మీద వేలు పెట్టి చూపించారు. అక్కడ ఏమీ కనపడలేదు. ఆయన మొహంలో భయం చూశాను. లేనిది చూశానా అన్న భయం.

పాపం, మావగారిని సంతోషపెడదామని మా ఆయన ఆ ఫోటోని ఫోన్‌లో ఏదో యాప్‌లో వేశారు. ఒక్క బటన్ నొక్కితే చాలు, పిట్ట ధగధగలాడుతూ వచ్చేసింది. ఏ ఈకకి ఆ ఈక, క్యాలెండర్ బొమ్మలా.

ముక్కు మాత్రం ఖాళీ.

నాన్న చాలాసేపు చూశారు.

"అయితే లేదన్నమాట" అన్నారు.

కెమెరా బీరువాలో పెట్టేశారు. చెరువు మాట ఎత్తడం మానేశారు. చివరికి టీలో చక్కెర ఎక్కువైందా అని అడిగినా, నా మొహం చూసి జవాబు చెప్పేవారు. ఆయన కళ్ల మీద, నాలుక మీద ఆయనకే నమ్మకం పోయింది. నాకు ఏడుపొచ్చేది.

అసలు ఫోటోని దీదీకి పంపాను. మర్నాడు స్కూటీ మీద ఆవిడే వచ్చారు, భుజాన లాప్‌టాప్‌తో.

లాప్‌టాప్ తెరవలేదు. ముందు నాన్న ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"బాబాయ్, ఆ రోజు మీరేటి చూసారో నాకు చెప్పండి. తొందరేటీ లేదు."

నాన్న చెప్పడం మొదలుపెట్టారు. టీ చల్లారిపోయింది. దీదీ అలాగే విన్నారు. ఫోటో చూడకుండా ముందు ఇదంతా ఎందుకని తర్వాత అడిగితే నన్నే కసిరారు. "ఎక్కడ నొప్పో అడక్కుండా ఎక్స్‌రే తీసేస్తామేటి?"

అప్పుడు పని మొదలుపెట్టారు.

నీడలున్న చోట వెలుతురు పెంచడానికి ఒక స్లైడర్ ఉంటుంది. దాన్ని కొంచెం కొంచెంగా జరిపారు. నలుపు బూడిదరంగైంది. బూడిదలోంచి ఆకుపచ్చ వచ్చింది. దాంతోపాటు ఇసుక చల్లినట్టు చుక్కలు కూడా వచ్చాయి. వాటిని కొంచెమే తగ్గించి ఆగారు.

"ఎక్కువ నున్నగా చేస్తే సన్నటివన్నీ చెరిగిపోతాయి. ఆ యాప్ చేసిందదే."

ముక్కు దగ్గరికి జూమ్ చేశారు.

ముక్కుకి అడ్డంగా ఒక గీత. గీత పక్కన ఉల్లిపొర లాంటి రెక్క. ఆ పక్కన ఇంకోటి.

ఆవిడ అందులో కొత్తగా ఏమీ గీయలేదు. ఆ తూనీగ ఫోటో తీసిన రోజు నుంచీ ఆ చీకట్లోనే ఉంది. ఎవరైనా ఓపిగ్గా వచ్చి చూస్తారా అని ఉంది.

గొప్ప ఫోటో ఏం కాదది. అంచులు ఇంకా మసకే. గ్రూప్‌లో పెడితే నాలుగు లైకులు కూడా రావు.

"ఉంది" అన్నారు నాన్న.

"ఉంది బాబాయ్" అన్నారు దీదీ.

ఆ సాయంత్రం నాన్న తనే బీరువా తీసి, బ్యాటరీ చార్జింగ్‌కి పెట్టమన్నారు.

ఈ రోజు పొద్దున్న సెక్టర్ 4 వెళ్లాం. ఇల్లంతా జనం. చర్చివాళ్లు, ఆసుపత్రివాళ్లు, మా గ్రూప్‌వాళ్లు.

స్ట్రోక్ వచ్చాక నాన్న పదిమందిలో నోరు తెరవలేదు. అలాంటిది దీదీ తల దగ్గర నిలబడి, ఆవిడ తమ్ముడి చెయ్యి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టారు. చెరువు. తీగ. పిట్ట.

గదిలో మాటలు ఒక్కొక్కటిగా ఆగాయి. తెలుగు రానివాళ్లు కూడా ఆయన వైపే చూస్తున్నారు.

ఒక మాట దగ్గర ఆగిపోయారు. వెతుక్కుంటున్నారు. పెదాలు కదులుతున్నాయి, మాట రావట్లేదు. నేను అందించబోయి ఆగాను. ఎవరూ అందించలేదు. అందరూ అలాగే నిలబడ్డారు.

ఆయనే అన్నారు.

"తూనీగ."

వెళ్లి రండి దీదీ. మా అందరి చీకట్లో అంత వెతికిన మీ కళ్లకి ఆ ప్రభువు చల్లటి విశ్రాంతి ఇవ్వాలి. 🙏