నా అరచేయి దాటిన చిల్లులు

బీజాపూర్ బస్టాండు వెనక నేను అద్దెకుంటున్న ఇంటిని ఆనుకొని ఒక దర్జీ కొట్టు ఉంది. వారానికోసారి జరిగే అంగడికి ముందు రోజు దర్జీ తన మిషనుకు నూనె వేసి పాత గుడ్డపేలికతో తుడుస్తాడు. ఆ వాసన గోడ దాటి వంటింట్లోకి వచ్చిందంటే నాకు అన్నం సహించదు. ఇనుము, నూనె, చేతి చెమట కలిసిన వాసన అది. పెంటయ్య ఉస్తాద్ వాసన. చచ్చి ఇన్నేళ్లయినా ఆ మనిషి నన్ను కంచం ముందే పట్టుకుంటాడు.

నాకు పని నేర్పింది ఆయనే. కొండను తవ్వి ఇనుపరాయిని రైళ్లకెత్తే పని జోరుగా సాగుతున్న ఏళ్లవి. మాది గొల్లపల్లి. తెలుగు, హిందీ, ఇక్కడి ఆదివాసీలు మాట్లాడే దొర్లి మూడూ వచ్చునని గని కాపలా దళంలో తీసుకున్నారు. తుపాకులు దాచే గదిని అక్కడ కోత్ అంటారు. అందులో తుపాకులు విప్పి బాగుచేసే ఆర్మరర్ పెంటయ్య. ఆడదానికి కోత్‌లో ఏం పని అని మగవాళ్లు నవ్వితే, "మీరు దిక్కులు చూసుకుంట తుడుస్తరు, ఆమె తుపాకీని చూసి తుడుస్తది. ఇగ పోండి" అని తరిమేశాడు. నా జీవితంలో నా తరఫున ఒకరు మాట్లాడడం అదే మొదలు. అందుకే ఆయన్ని అంతగా నమ్మాను. నమ్మినందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

బాగుచేసిన ప్రతి తుపాకీనీ మైదానంలో పరీక్షించేవాళ్లం. ఇసుక బస్తా మీద ఆనించి, వంద మీటర్ల దూరంలో కట్టిన కాగితం మీదికి ఐదు గుండ్లు కాల్చాలి. ఐదూ నడిబొడ్డునే తగలాలని లేదు, పక్కకు పోయినా గురిచూసే సైటు జరిపి సరిచేయవచ్చు. కాని ఐదూ ఒకచోట పడాలి. చెదిరితే ఆ తుపాకీలో రోగం ఉన్నట్టు. ఉస్తాద్ జేబులో టేపు ఉండేది గాని తీసేవాడు కాదు. "చెయ్యి పెట్టు బిడ్డా" అనేవాడు. ఐదు చిల్లులూ నా అరచేతి కింద దాగితే తుపాకీ పాస్. ఒక్కటి బయట కనబడినా తిరిగి కోత్‌కే. ఆయన చేయి పారంత ఉండేది. మీ చేయి ఎందుకు పెట్టరని ఒకసారి అడిగాను.

"నా చెయ్యి పెడితే అన్ని తుపాకులూ మంచివే అయితయి. నీది చిన్నది, మొహమాటం లేనిది" అన్నాడు. "కాగితం మీద ఉన్నదే రాయి. నీ మనసులున్నది రాయకు."

ఆ మాట విన్న రోజు నా చేతిని నేనే మురిసిపోయి చూసుకున్నాను. పిచ్చిదాన్ని.

పొడుగు తుపాకులు జీపుల్లోనూ అడవి దారుల్లోనూ అడ్డం తగులుతున్నాయనీ, పొట్టివి కావాలనీ పైనుంచి మాట వచ్చింది. పాత తుపాకుల సామానుతో ఒకటి తయారుచేసి చూపిస్తానని ఉస్తాద్ ఒప్పుకున్నాడు. వానాకాలమంతా దాని మీదే కూర్చున్నాడు. పొట్టి గొట్టం, ట్రిగ్గర్ నొక్కిన ప్రతిసారీ ఒక్కో గుండు, మధ్యలో బోల్టు లాగే పని లేదు. తిండి మరిచేవాడు. నేను పళ్లెం తెచ్చి పక్కన పెడితే అది చల్లారిపోయేది. చేతిలోకి తీసుకుని చూస్తే ముచ్చటగానే ఉండేది, అబద్ధం ఎందుకు?

బీజాపూర్ నుంచి పెద్ద సాబ్ వచ్చే ముందు రోజు పొద్దున దాన్ని పరీక్షించాం. మొదటి ఐదు గుండ్లు నా అరచేతి కింద చక్కగా దాగాయి. ఉస్తాద్ కళ్లు మెరిశాయి. వెంటనే మరో పదిహేను కాల్చమన్నాడు. గొట్టం చెయ్యి పెట్టలేనంత కాలింది. కొత్త కాగితం కట్టి మళ్లీ ఐదు కాల్చాను. చెయ్యి పెట్టి చూస్తే రెండు చిల్లులే దాగాయి. మూడు బయట పడ్డాయి, ఒకటైతే జానెడు కిందికి జారింది.

ఉస్తాద్ నా చేయి పక్కకు జరిపి, ఆ కాగితం మీద తన చేయి పెట్టాడు. ఆయన చేతికి కూడా ఆ కింది చిల్లు అందలేదు.

"మొదటి కాగితం ఫైల్లో పెట్టు. ఇది పొయ్యిల వెయ్" అన్నాడు.

"వేడెక్కితే చెదురుతుందని రాద్దాం ఉస్తాద్. మళ్లీ చేయొచ్చు కదా."

"గిన్ని దినాలు చేసింది కనబడుతలేదా నీకు? ఎవడు కాలుస్తడు గన్ని గుండ్లు? సంతకం పెట్టు."

పెట్టాను. భయపడి అలా చేసి ఉంటే క్షమించేదాన్ని. ఆయనకు భయం లేదు. తన చేతిపని మీద మోజు, అంతే. రెండో కాగితాన్ని మాత్రం పొయ్యిలో వేయలేదు, మడిచి జాకెట్లో దోపుకున్నాను.

ఆ ఎండాకాలం గని నుంచి వచ్చే ఎర్రనీళ్లు పొలాల్లో పడుతున్నాయని ఊళ్లవాళ్లు గేటు దగ్గరికి వచ్చారు. కాపలాలో ఉన్న సుక్కా చేతిలో నా సంతకంతో పాసైన ఆ పొట్టి తుపాకీయే ఉంది. జనాన్ని బెదిరించడానికి గాలిలోకి వరసగా కాల్చాడు. కదలకపోయేసరికి దూరాన ఉన్న మద్దిచెట్టు కొమ్మలకు గురిపెట్టి మళ్లీ కాల్చాడు. చెట్టు కింద తునికాకు కోసుకుంటున్న జోగా కుడి భుజం పగిలింది.

జోగాది, సుక్కాది ఒకే ఊరు. పొలం గట్టు తగాదా ఉంది ఇద్దరికీ.

ఆస్పత్రిలో జోగా వాంగ్మూలం తీసుకోవడానికి దుబాసీగా నన్నే పంపారు. వాంగ్మూలం రాసుకునే సాబ్ హిందీలో అడిగినవన్నీ నేను దొర్లిలో చెప్పాను. జోగా అన్నిటికీ జవాబిచ్చి, చివర నన్ను ఒక్కటే అడిగాడు. "అక్కా, సుక్కా నన్ను చూసే కొట్టిండా?"

జోగా ఏమన్నాడని సాబ్ అడిగాడు. నొప్పిగా ఉందంటున్నాడని హిందీలో చెప్పాను. జోగాతో నాకు తెలియదన్నాను. వెనక్కి వచ్చి అంతా ఉస్తాద్‌కు చెబితే, ఆయన తుపాకీ తుడుస్తూనే ఉన్నాడు. "బతికిండు కద" అన్నాడు. ఆ తర్వాత ఆయన దగ్గర మంచినీళ్లు కూడా తాగలేదు నేను. కాని నోరు విప్పిందీ లేదు. ఆయన్ని తిట్టే హక్కు నాకెంత ఉందో నాకు తెలుసు.

పగతోనే కొట్టాడని సుక్కాను ఊళ్లో ఉండనివ్వలేదు. పెళ్లాం పిల్లలతో ఎక్కడికో వలసపోయి అక్కడే జ్వరంతో పోయాడని విన్నాను.

పోయిన అంగడికి ముందు రోజు జోగా దర్జీ కొట్టుకు వచ్చాడు. కుడి చేయి ఎత్తలేడు కాబట్టి తన చొక్కాలకు పక్కన తాళ్లు కుట్టించుకుంటాడు. ఆ నూనె వాసనలో అతన్ని అలా చూసి ఇక ఉండబట్టలేకపోయాను. ఇంట్లోకి పిలిచి, ట్రంకుపెట్టె అడుగు నుంచి కాగితం తీసి నేల మీద పరిచి, నా చేయి పెట్టి చూపించాను. సుక్కా కొమ్మకే కొట్టాడనీ, తుపాకీయే తప్పనీ, అది నాకు ముందే తెలుసనీ చెప్పాను.

జోగా ఎడమచేయి తెచ్చి కాగితం మీద పెట్టాడు. కిందికి జారిన చిల్లును వేలితో తడిమాడు.

"సుక్కా తల్లి చచ్చేదాకా మా ఇంటి ముందుకొచ్చి మొక్కింది, నా కొడుకు నిన్ను కొట్టలేదని. నేను తలుపు తియ్యలే" అన్నాడు. తల ఎత్తి నన్ను చూశాడు. "ఇన్నేండ్లు ఈ కాగితం ఎందుకు దాచినవక్కా?"

నేను కాగితాన్ని మళ్లీ మడిచాను. అతను చొక్కా తీసుకుని బస్సుకు వెళ్లిపోయాడు. కాగితం ఇంకా నా దగ్గరే ఉంది.