గుండీల కప్పు

మా ఇంటి అరుగు బండ మీద జరిగిన ఆ కప్పు మ్యాచిని చూసినవాళ్లం ముగ్గురమే. ఆడింది ఇద్దరం, రెఫరీ ఒకరు.

డెబ్బైల చివరి మాట. నాది ఎమ్మిగనూరు, మగ్గాల ఇల్లు. ఆదోనికి కోడలిగా వచ్చాను. మా ఆయన పత్తి మిల్లులో బేళ్లు మోసేవాడు, పని దిగగానే ఫుట్‌బాల్ ఆడేవాడు. ఏటా ఆదోని జట్టుకూ ఎమ్మిగనూరు జట్టుకూ ఒక కప్పు కోసం పోటీ ఉండేది. ఆ పోటీకి రెండు ఊళ్లవాళ్లూ పెట్టుకున్న ఆచారం ఒకటుంది. ఓడిన ఊరివాళ్లు గెలిచినవాళ్లను పిలిచి తమ ఊళ్లో అన్నం పెట్టాలి. ఆ అన్నం తినేదాకా కప్పు గెలిచినవాళ్లది కాదు.

పెళ్లయిన మరుసటి ఏడు ఆ పోటీలోనే ఎమ్మిగనూరు మైదానంలో ఆయన మోకాలు విరిగింది. ఆదోనే గెలిచింది. జట్టంతా విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు ఆయన ఎద్దులబండిలో కట్టు కట్టేవాడి దగ్గరికి పోతున్నాడు. కట్టు విప్పాక కాలు వంకరగా అతుక్కుంది. మిల్లు పని పోయింది. పక్కింటి టైలరన్న, సాయిబుల ఇంటి పెద్దాయన, చొక్కాలకు కాజాలు, గుండీలు కుట్టే పని ఇంటికి తెచ్చి ఇచ్చేవాడు. మా ఆయన అరుగు మీద కూర్చుని కుట్టేవాడు కానీ వీధిలోకి మాత్రం దిగేవాడు కాదు. జనం ముందు కాలు చూసి, తర్వాత ముఖం చూస్తారని ఆయన బాధ. క్షవరానికి కూడా మంగలిని ఇంటికే పిలిపించుకునేవాడు.

ఒక మధ్యాహ్నం నేను జొన్నలు చెరుగుతూ చూస్తే, ఆయన టైలరు సుద్దతో బండ మీద గీతలు గీసి నల్ల గుండీలను వేలితో తోస్తున్నాడు. ఏమిటది అని అడిగితే సిగ్గుపడ్డాడు. మా జట్టు అన్నాడు. మరి అవతలి జట్టేది అంటే, వాళ్లకు నడిపించే మనిషి లేడన్నాడు. చేట పక్కన పెట్టి నేను అవతల కూర్చున్నాను. అలా ఎమ్మిగనూరు జట్టు నా చేతికి వచ్చింది.

బంతికి మొదట పత్తిగింజ పెట్టాము. దాని నూగు వల్ల అది దొర్లేది కాదు. తర్వాత కందిగింజ కుదిరింది. గుండీని వేలితో తోస్తే జారుతుంది, గోరుతో అంచు నొక్కితే ఎగిరి అవతల పడుతుంది. ఒకరి తర్వాత ఒకరం, వంతుకు ఒక గుండీని కదపాలి. నాకు అప్పటికి అంకెలు కూడా రావు కాబట్టి గోలుకో సుద్ద బొట్టు పెట్టేవాడు. అక్షరాలు నేర్చుకుని ఇవన్నీ రాస్తానని ఆ రోజుల్లో ఎవరైనా అంటే నవ్వేదాన్ని.

ఆయన జట్టులో గుండీలన్నీ ప్యాంటు గుండీలు, ఒకే తీరువి. ఆయన స్నేహితులు. అందులో ఆయన లేడు. నేను ఒకసారి అడిగాను, నువ్వేదని. ఆయన కందిగింజను తుడిచి మళ్లీ మధ్యలో పెట్టాడు.

నా జట్టు మాత్రం మా ఇల్లే. పెద్ద కోటుగుండీ మా నాయన, గోలు కాసేది ఆయనే. నీలం గుండీలు రెండూ మా అన్నలు. తెల్లది అమ్మ. అమ్మను ఎప్పుడూ ముందుకు పంపేదాన్ని. నిజంగానూ మా ఇంట్లో తగాదాకు ముందు నడిచేది ఆమే. మగ్గంలో దారం మోసే నాడె అటూ ఇటూ పోయినట్టు అన్నలిద్దరి మధ్య గింజను ఆడించడం నా పద్ధతి. మొదట్లో చిత్తుగా ఓడినా నెల తిరిగేసరికి మా ఆయన నొసలు ముడివేసి ఆలోచించే స్థితికి తెచ్చాను.

అప్పటికి నాకు ఏడో నెల. తొలి కాన్పు పుట్టింట్లో కావాలి. అమ్మ కబురు పంపింది, అల్లుడు దగ్గరుండి తీసుకొస్తే బాగుంటుందని. ఆయన వినగానే మీ అన్నను రమ్మను, నేను రాను అన్నాడు. ఆ ఊళ్లో అందరూ నేను పడింది చూసినారు అన్నాడు. నేను వాదించలేదు. కానీ ఆయన లేకుండా బస్సెక్కి పుట్టింట్లో దిగడం నాకు ఇష్టం లేదు. బిడ్డను చూడటానికైనా వస్తాడా, అక్కడే నన్ను వదిలేసి ఈ అరుగు మీదే ఉండిపోతాడా అన్నదే భయం.

చివరికి నేనే అన్నాను, కప్పు మ్యాచి పెట్టుకుందామని. ఎమ్మిగనూరు గెలిస్తే నాతో రావాలి. ఆయన నవ్వాడు.

"సమానంగా వచ్చినా వస్తాలే. మీ ఊరి ఆట నాకు తెలీదా?"

నా పెళ్లి సామాన్లలో వచ్చిన స్టీలు లోటా కప్పు అయింది. టైలరన్న మెడలో టేపు వేసుకుని రెఫరీగా కూర్చున్నాడు. సాయంత్రం మిల్లు కూత వేస్తే ఆట ముగిసినట్టు.

ఆ రోజు నా జట్టులోకి కొత్త గుండీ వచ్చింది. టైలరన్న ఇచ్చినదే, పసిపిల్లల చొక్కాకు కుట్టే చిటికెనవేలి గోరంత తెల్ల గుండీ. పుట్టకముందు బిడ్డకు బట్టలు కుట్టకూడదంటారు, గుండీ దాచుకుంటే తప్పులేదని నేనే సర్దిచెప్పుకున్నాను. దాన్ని మా నాయన ముందు, గోలు దగ్గర పెట్టాను. ఇంకా పుట్టనోడు యాడ ఆడతాడు చెల్లెమ్మా అని టైలరన్న అభ్యంతరం పెట్టాడు. తాత పక్కనుంటే ఆడతాడులే అన్నాను. మా ఆయన ఆ గుండీని కాసేపు చూసి, సరే ఆడనీ అన్నాడు.

మొదటి గోలు నాది, అమ్మ కొట్టింది. తర్వాతిది ఆయనది. ఆపైన ఎవరికీ దారి దొరకలేదు. ఎండ అరుగు దిగి ఎదురింటి గోడ ఎక్కింది. కూత వేసే వేళ దగ్గరపడింది. అప్పుడు ఆయన గుండీ ఒకటి గింజను నా గోలు ఎదురుగా తెచ్చి నిలబెట్టింది. వంతు నాది. గింజకు అడ్డంగా మా నాయనను తెస్తే చాలు, సమానంతో ఆట ముగుస్తుంది. కానీ మధ్యలో పసిగుండీ పడుకుని ఉంది. దాని మీద నుంచి ఎగిరించడం తప్ప దారి లేదు.

గోరు అంచు దాకా తీసుకుపోయి ఆపేశాను.

"నొక్కు చెల్లెమ్మా, కూత పడతాది," అన్నాడు టైలరన్న.

"దాటకూడదన్నా. పిల్లోళ్లను దాటితే ఎదగరంట."

"గుండీకేం తెలుస్తాది?"

"దానికి తెలీదు. నాకు తెలుసు కదన్నా."

అన్నలలో ఒకరిని ఊరికే ఇంచు జరిపి చేయి వెనక్కి తీసుకున్నాను. మా ఆయన నా ముఖం చూశాడు, పసిగుండీని చూశాడు. అయినా ఆట ఆటే. పిల్లవాడికి తగలకుండా పక్కనుంచి మెల్లగా తోశాడు. గింజ గీత దాటింది. వెంటనే మిల్లు కూత వేసింది.

టైలరన్న సుద్దతో బొట్టు పెట్టి, గుండీలన్నీ ఏరి డబ్బాలో వేశాడు. నేను పొయ్యి రాజేస్తానని లేచాను. ఊదురుగొట్టం ఊదుతూ ఉంటే కళ్లలో నీళ్లు, పొగ వల్లేనని చెప్పుకోవచ్చు. కాసేపటికి ఆయన గోడ పట్టుకుని వంటింటి గడప దగ్గరికి వచ్చాడు. చేతిలో లోటా ఉంది.

"కప్పు మాకు వచ్చింది కదమ్మే. మరి అన్నం ఎప్పుడు పెడతాండారు?"

ఏ అన్నమని అడిగాను.

"ఓడినోళ్లు వాళ్లూర్లో అన్నం పెట్టాల. పోయినసారిది కూడా బాకీ ఉండాది నాకు."

ఆ వారమే బస్సెక్కాము. మెట్టు ఎక్కేటప్పుడు అందరూ ఆయన కాలే చూశారు. ఆయన లోటాను చంకలో గట్టిగా పెట్టుకుని, ముందు నన్ను కూర్చోబెట్టాడు. ఎమ్మిగనూరులో దిగి మా వీధి మలుపు తిరిగేటప్పుడు నా భుజం మీద చేయి వేసి నడిచాడు. మగ్గాల చప్పుడు ఒక్కో ఇంట్లో ఆగుతూ వచ్చింది. మనుషులు తలలు బయటికి పెట్టి పలకరించారు. బాగుండావా అప్పా అని అడిగినవాళ్లే ఎక్కువ.

అమ్మ శనగబేడల పూర్ణం పెట్టి ఓళిగలు చేసింది. లోటా నిండా మజ్జిగ పోసి ఆయన విస్తరి పక్కన పెట్టింది. తింటూ తింటూ ఆయన మ్యాచి కథంతా చెప్పాడు.

"గోలు నీ దగ్గరే పోయింది మామా," అన్నాడు మా నాయనతో.

మా నాయన నెయ్యి వడ్డిస్తూ, "నన్ను యాడ కదలనిచ్చిందప్పా నీ పెండ్లాము?" అన్నాడు.

ఆయన పడిపడి నవ్వాడు. కాలు విరిగాక అంత నవ్వు నేను వినలేదు. చేయి కడుక్కుని, సాయంత్రం అట్లా మైదానం దాకా పోయొస్తానన్నాడు. మగ్గం గుంటలోకి దిగబోయిన మా నాయన ఆగి, మూలనున్న తన చెప్పులు తెచ్చి వేసుకున్నాడు.