చూసినోడు యాడున్నడు

ఈ వేసవిలో మా తమ్ముని కూతురు సెలవులకు నల్లగొండ వచ్చి కొన్నాళ్లు మా ఇంట్లో ఉంది. డిగ్రీ చదువుతోంది. మా సొంతూరి బురుజు గురించి ఏదో ప్రాజెక్టు రాయాలట. ఒక పూటంతా ఫోనులో వెతికి, "పెద్దబాపూ, దొరికింది. పన్నెండు చోట్ల ఇదే ఉన్నది, ఇంక డౌటే లేదు" అంటూ తెచ్చి చూపించింది. పన్నెండు చోట్లా బురుజు ఊరికి ఉత్తరాన ఉందని రాసి ఉంది. ఆ బురుజు ఊరికి దక్షిణాన ఉంటుంది. చిన్నప్పుడు దాని మీంచి పడి మోచేయి విరగ్గొట్టుకున్నవాణ్ని కాబట్టి ఈ విషయంలో నాకు ఏ సందేహమూ లేదు. పన్నెండు మంది విడివిడిగా పోయి చూసి ఉంటే పన్నెండు మందీ ఒకేలా దిక్కు తప్పరు. ఒకడెవడో చూడకుండా రాశాడు, మిగతావాళ్లు వాణ్ని చూసి రాశారు. ఆ మాట చెబితే పిల్ల కాసేపు ముఖం మాడ్చుకుని, మీ కాలంలో ఇంటర్నెట్టే లేదు కదా, ఇవన్నీ నీకెవరు నేర్పారని అడిగింది. నిజమే, ఇంటర్నెట్ లేదు. మా మేనత్త ఉండేది.

మేనత్త మా బాపుకు అక్క. చిన్న వయసులోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పొడుగు మనిషి, పెద్ద గొంతు, ఐదో తరగతి చదువు. కబుర్లు చెప్పుకునేవాళ్లకు ఆమె అంటే హడలు. ఎవరైనా ఆడమనిషి ఆయాసపడుతూ వచ్చి పక్క ఊళ్లో రెండు తలల దూడ పుట్టిందని మొదలుపెడితే, నువ్వు చూసినవా అనేది. లేదు, మా మరదలు చెప్పింది. ఆమె చూసిందా? లేదు, ఆమెకు పాలు పోసే అతను చెప్పాడు. ఆయన ఏ ఇంట్లో చూశాడు? ఈ ప్రశ్నలు పూర్తయ్యేసరికి దూడకు ఒక తల పోయేది, ఇంకాసేపటికి దూడే పోయేది. చెప్పడానికి వచ్చిన మనిషి చీపురు కోసం వచ్చినట్టు నటించి, మా చీపురు పట్టుకుని వెళ్లిపోయేది. మాకు చీపుర్లు నిలిచేవి కావు.

ఈ గుణం ఆమెకు మా వసారాలోనే అబ్బింది. బాపు బడిపంతులు. ఊరికి కాస్త బుద్ధి వస్తుందేమోనని ఆదివారం మధ్యాహ్నాలు చర్చ పెట్టేవాడు. గ్రహణానికీ గర్భిణికీ సంబంధం ఏమిటి, దయ్యం ఆడవాళ్లనే ఎందుకు పడుతుంది, మొగుడు పోయిన మనిషి మళ్లీ పెళ్లి చేసుకుంటే ఎవరి సొమ్ము పోయింది, ఇలాంటివి. నియమం ఒకటే. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరైనా "గట్ల అంటరు" అంటే ఆ పూటకు వాళ్ల వంతు అయిపోయినట్టే, లేచి అందరికీ మంచినీళ్లు పోయాలి. ఎవరంటారో చెప్పగలిగితేనే మాట్లాడాలి. బస్సులు ఆగే చోట సైకిల్ షాపు నడిపే చాచా బాపుకు గట్టి ప్రత్యర్థి. దేవుడున్నాడని ఆయన, లేడని బాపు. ఏళ్ల తరబడి వాదించుకున్నా ఒకరినొకరు అంగుళం కదిలించలేదు గానీ, నీళ్ల బిందె దగ్గరికి ఎక్కువసార్లు నడిచింది మాత్రం బాపే. మేనత్త తలుపు పక్కన బియ్యం ఏరుకుంటూ వినేది. వాదనలు ఎంత పట్టించుకుందో తెలియదు. నియమాన్ని మాత్రం మా వసారా దాటించి వీధిలోకి తీసుకుపోయింది.

తొంభైల మొదటి సంవత్సరాల మాట. మా ఊరు దేవరకొండకు పడమర, మహబూబ్‌నగర్ జిల్లా పొలిమేరలో ఉంటుంది. వానలు మొహం చాటేసిన ఏడాది మగవాళ్లు ఒక మేస్త్రి వెంట గుంపుగా ఎక్కడెక్కడి ఆనకట్టలకో, కాలువలకో మట్టి పనికి పోయేవారు. పక్కింటి పిలగాడు అట్లాగే మహారాష్ట్రకు పోయాడు. చంటిబిడ్డ ఉండడం వల్ల అతని భార్య అత్తామామల దగ్గరే ఉండిపోయింది. ఒక మధ్యాహ్నం బస్సులో వచ్చిన పేపరు జిల్లా పేజీలో నాలుగు వరుసల వార్త ఉంది. కాలువ తవ్వుతుండగా మట్టి కూలి మన మండలం కూలీ మరణించాడని. పిలగాడి పేరుంది, తండ్రి పేరుంది, ఊరి పేరుంది.

ఆ ఇంట్లో లేచిన ఏడుపు ఇప్పుడు రాయలేను. సాయంత్రానికి వార్త గట్టిపడింది. దేవరకొండ నుంచి వచ్చిన కండక్టరు అవునన్నాడు. పక్క ఊరి బంధువు పరామర్శకు వచ్చి, మా దగ్గర కూడా అందరికీ తెలుసన్నాడు. సర్పంచు కొడుకు టౌనులో విని వచ్చానన్నాడు. శవం అంత దూరం నుంచి రాదు కాబట్టి గడ్డి బొమ్మ చేసి దహనం కానిచ్చేద్దామని, తెల్లారి కోడలి గాజులు తీసేద్దామని పెద్దమనుషులు తేల్చారు. నేను అప్పటికి డిగ్రీ పూర్తిచేసి, హేతువాద ఉపన్యాసాలు తప్ప ఉద్యోగం లేకుండా ఉన్నాను. గాజులు పగలగొట్టడం ఎంత అనాగరికమో చెప్పడానికి లోలోపల మంచి మంచి వాక్యాలు కూర్చుకుంటున్నాను. మనిషి నిజంగా పోయాడా అన్న ప్రశ్న నా వాక్యాల్లో ఎక్కడా లేదు.

మేనత్త పోయి ఆ కోడలి పక్కన గడప మీద కూర్చుంది. కండక్టరును పిలిపించింది, బంధువును అడిగింది, సర్పంచు కొడుకును అడిగింది. నీకెట్ల తెల్సింది? ముగ్గురూ చివరికి చూపించింది ఒకే పేపరును, ఒకే నాలుగు వరుసలను. అప్పుడు పిలగాడి తండ్రి దుఃఖంలోనే చిరాకుపడ్డాడు.

"పేపర్ల అచ్చేసిండ్రు గదక్కా. అబద్ధం అచ్చేస్తరా?"

"అబద్ధమని నేనంటలేను. ముగ్గురు చెప్పిండ్రు గాని కాయిదం ఒక్కటే. చూసినోడు యాడున్నడని అడుగుతున్న."

కార్యం ఆపితే పాపం నీకు తగులుతుందని ఒక పెద్దమనిషి బెదిరించాడు. "తగలనీ. నాకు కొత్తనా" అంది. ఆమె బోసి చేతులు చూసి పెద్దమనిషి వెనక్కి తగ్గాడు. మర్నాడు సాయంత్రం దాకా ఆగడానికి ఒప్పుకున్నారు. రాతిబొమ్మకు మొక్కొద్దని ఊరూరా తిరిగి చెప్పిన మేము అచ్చు అక్షరానికి మొక్కుతూ ఉన్నామని, అదీ మొక్కే అని, నాకు ఆ గడప దగ్గర తెలిసింది.

పొద్దున్నే మొదటి బస్సుకు మేనత్త, చాచా, నేను దేవరకొండ పోయాం. వార్త రాసిన విలేకరి ఒక ఫోటో స్టూడియో నడుపుకునేవాడు. చెడ్డవాడు కాదు, అబద్ధాలకోరు అంతకన్నా కాదు. పక్కనున్న ఎస్టీడీ బూత్ అతను చెబితే రాశానన్నాడు. బూత్‌కు పోయాం. పని జరిగే చోటు నుంచి మేస్త్రి తమ్ముడికి ఫోను వచ్చిందట. అతను రెండు పేర్లు పైకే అని, ఒకరు పోయారు, ఒకరు దవాఖానలో ఉన్నారు అని ఏడుస్తూ ఉన్నపళాన బస్సెక్కి అక్కడికే పోయాడట. ఎవరు పోయారో, ఎవరు దవాఖానలో ఉన్నారో బూత్ అతనికి తెలియదు. ఆ సంగతి విలేకరికి చెప్పాడు కూడా. కానీ రెండో పేరు హాలియా దిక్కు మనిషిది. అది అక్కడి విలేకరి రాసుకోవలసిన వార్త. కాబట్టి ఈయన తన మండలం పేరును అందుకుని, దానికి చావును తగిలించి పంపేశాడు. మా వెంట బూత్‌కు వచ్చిన విలేకరిని మేనత్త తిట్టలేదు. "రెండు పేర్లు విని ఒక్కటి రాస్తివి. రెండోది ఏం పాపం చేసింది బిడ్డా?" అని మాత్రం అంది. 

బూత్ అతని దగ్గర ఆ చోటు నంబరు ఉంది. లైను దొరకడానికి మధ్యాహ్నమయింది. కంట్రాక్టరు మనవైపు వాడే కావడంతో గుమాస్తాకు తెలుగు వచ్చు. మేనత్త రిసీవరును పళ్లెంలా రెండు చేతులా పట్టుకుని, మట్టి కూలినప్పుడు నువ్వు అక్కడున్నవా అని ముందు అడిగింది. ఉన్నాడు. ఇద్దర్నీ బయటికి లాగినవాళ్లలో అతనూ ఒకడు. మా పక్కింటి పిలగాడు బతికే ఉన్నాడు. కాలు నలిగింది, దవాఖానలో ఉన్నాడు, ఇంటి మనిషి ఒక్కరూ రాలేదని ఏడుస్తున్నాడు. రెండో అతను అక్కడికక్కడే పోయాడు.

చాచా కళ్లు తుడుచుకుని పోదాం పదమన్నాడు. మేనత్త బూత్ ముందరి బల్ల మీద నుంచి లేవలేదు.

"గా రెండో ఆయన ఇల్లు యాడ?"

"హాలియా దగ్గరంట. ఆళ్లకు మేస్త్రి మనుషులు చెప్తరు తియ్యక్కా."

"ఎవరు చెప్తరు తమ్మీ? చూసినోళ్లు గాడనే ఉన్నరు, రాసినాయన తప్పు రాసిండు. తెల్సినోళ్లం మనమే ఉన్నం."

చాచాను ఊరికి పంపి, కోడలికి నిజం చెప్పమని, పిలగాడి తండ్రిని వెంటబెట్టుకుని దవాఖానకు బయల్దేరమని, మేనత్త నన్ను తీసుకుని హాలియా బస్సెక్కింది. మా వైపు ఎర్ర దుబ్బ నేలలు చూసిన కళ్లకు హాలియా దగ్గరి కాలువ కింది వరిమళ్లు వేరే దేశంలా కనిపించాయి. ఆ ఇల్లు దొరకడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ ఇల్లాలు అప్పుడే నాటు పని నుంచి వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. దేవరకొండ వైపు నుంచి వచ్చామని చెప్పగానే మమ్మల్ని కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, జాలిపడింది. "పేపర్ల సదివిండ్రు. మీ దిక్కు పిలగాడంట గదా, పాపం. మా ఆయన గూడ గాడనే పనిచేస్తడు" అంది.

మేనత్త నీళ్లు తాగకుండా చెంబు పక్కన పెట్టింది. ఆమె చేయి పట్టుకుని, ఏదీ మింగకుండా, ఏదీ కలపకుండా చెప్పింది. "నేను చూడలేదు బిడ్డా. చూసినాయనతోని ఫోన్ల మాట్లాడిన. పొద్దుగాల నువ్వు గూడ మాట్లాడు. నేనుంట." ఆ రాత్రి మేము అక్కడే ఉన్నాం. తెల్లవారి హాలియా బూత్ నుంచి ఆ ఇల్లాలు తన చెవితో తాను వినేదాకా ఆ ఇంట్లో ఎవరినీ ఏ కార్యానికీ చేయి వేయనివ్వలేదు. మా ఊళ్లో ఆనందం పంచుకోవలసిన పూట మా మేనత్త, ఎవరికీ అక్కర్లేని నిజాన్ని మోసుకుని, తనకేమీ కాని ఇంట్లో కూర్చుంది. తెలుసుకోవడం అంటే మనకు కావలసిన జవాబు దొరికేదాకా వెతికి ఆగిపోవడం కాదని అంతకన్నా బాగా నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు.

పక్కింటి పిలగాడు మోకాలి కింద కాలు పోగొట్టుకుని ఇంటికి వచ్చాడు. చాచా షాపులో కూర్చుని పంక్చర్లు వేస్తూ ఇంకో బిడ్డకు తండ్రయ్యాడు. విలేకరి సవరణ వేయించాడు, అది భూతద్దం పెట్టుకుంటే కనిపించేంత ఉంది. పిలగాడి తండ్రి మాత్రం ఆ తర్వాత పేపరులో వచ్చే ఏ సంగతీ నమ్మడం మానేశాడు, చివరికి బస్సు చార్జీలు పెరిగాయన్నా నమ్మకుండా కండక్టరుతో తగాదా పెట్టుకున్నాడు. మేనత్త ఆయన్నూ వదల్లేదు. "అన్ని నమ్ముడు ఎంత సోమరితనమో, ఏది నమ్మకపోవుడు గూడ గంతే. లేశి పోయి అడుగు" అని కసిరింది.

హేతువాదం మీద నేను ఎన్నో వేదికలెక్కాను, గట్టిగానే అరిచాను. చప్పట్లూ తిన్నాను, ఒకటి రెండు చోట్ల రాళ్లూ తిన్నాను. ఇంత చేసినా నా గురించి నేను గర్వంగా చెప్పుకోగలిగింది ఒకటే, నేను ఆమె మేనల్లుణ్ని. అప్పట్లో ఒక వార్త మా ఊరు చేరాలంటే మధ్యాహ్నం బస్సు రావాలి, ఇప్పుడు రెప్పపాటు చాలు. ఆ వార్త పుట్టిన చోటికి వెనక్కి నడవడానికి మాత్రం అప్పుడెంత కాలం పట్టేదో ఇప్పుడూ అంతే పడుతుంది.