ఎండలో అయిదు వేళ్లు

మా చిన్నమ్మ అనగానే ముందు ఆమె చెయ్యే గుర్తొస్తుంది. సిద్దిపేటలో వాళ్లది చీరల కొట్టు. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు బిల్లుల కంప్యూటర్లో కార్ల రేసు ఆడేది. ఆ ఆట నేర్పిన పాపం నాదే. ఆడే ముందు వేళ్లు విడదీసి, మానిటర్ ముందు చెయ్యి అటూ ఇటూ ఊపి చూసేది. తెర అదురుతుంటే అయిదు వేళ్లు పదిహేనై కనిపిస్తాయి.

"చూడు బిడ్డా, ఎట్ల అదురుతుందో! గందుకే కండ్లు గుంజుతున్నయ్," అనేది. ఆట మాత్రం ఆపేది కాదు.

ఈ గోల పడలేక చిన్నాయన కొత్త మానిటర్ తెచ్చాడు. దాని ముందు నేను చెయ్యి ఊపితే వేళ్లు సాఫీగానే కదిలాయి. చిన్నమ్మ ఊపి చూసి మొహం ముడుచుకుంది.

"గిది గూడ అట్లనే ఉన్నది."

మాకు నవ్వొచ్చింది.

మర్నాడు ఒకామె చీర అసలు రంగు చూపించమంది. ఎప్పటిలాగే చిన్నమ్మ ఆమెను గడప దాటించి, చీరను ఎండలో పరిచి చూపింది. ఆమె కొంగు చూసుకుంటుంటే, చిన్నమ్మ తన చెయ్యిని ఎండలోకి ఎత్తి ఊపింది. ఆగి, మళ్లీ ఊపింది. తర్వాత నా భుజం గట్టిగా పట్టుకుని, ఆమెకు వినబడకుండా అడిగింది.

"ఎండ గూడ అదురుతదా బిడ్డా?"