బూడిదరంగు ఫ్లెమింగో

సూళ్లూరుపేట దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో నేను అయిదో తరగతికి టీచర్‌గా చేరిన మొదటి చలికాలం అది. ఒకరోజు పిల్లలను ఫ్లెమింగో బొమ్మ గీసి రంగు వేయమన్నాను. అందరూ గులాబీరంగు వేశారు. పులికాట్ సరస్సులో చేపల వేటకు వెళ్లే ఇంటి అమ్మాయి ఒకతె మాత్రం పక్షి ఒళ్లంతా బూడిదరంగు పూసింది. ఎర్ర పెన్నుతో కొట్టేశాను.

"తప్పు కాదు టీచర్. నేను చూసినాను," అన్నది గొంతు పెంచకుండానే.

"నువ్వు చూసింది కొంగనేమో."

"కొంగలు నాకు తెలీవా టీచర్?"

ఆ మాట నన్ను వదల్లేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి నుంచి నేరుగా సరస్సు ఒడ్డుకు వెళ్లాను. ఆ అమ్మాయి, వాళ్లమ్మ అక్కడ వలలోంచి రొయ్యలు ఏరుతున్నారు. నన్ను చూడగానే అమ్మాయి లేచి నీళ్లవైపు చెయ్యి చాపింది. గులాబీ పక్షుల మధ్య అదే వంకర ముక్కుతో, అవే పొడుగు కాళ్లతో నాలుగైదు బూడిదరంగువి నిలబడి ఉన్నాయి.

"అవి పిల్లలు టీచరమ్మా," అన్నది వాళ్లమ్మ. "పెద్దవయ్యేకొద్దీ ఎరుపు తిరుగుతాయి."

"ఎందుకు తిరుగుతాయి టీచర్?" అని అమ్మాయి నన్నడిగింది.

"తెలీదమ్మా. చదివి చెప్తాను," అన్నాను. అనడానికి కొంచెం సిగ్గేసింది.

ఇంటికెళ్లి చదివాను. నాచులోనూ, దాన్ని తినే చిన్న రొయ్యల్లోనూ ఒక రంగు పదార్థం ఉంటుంది. ఏళ్ల తరబడి అవి తిన్న పక్షికి మొలిచే కొత్త ఈకల్లోకి ఆ రంగు చేరుతుంది. సోమవారం క్లాసులో ముందు నా తప్పు ఒప్పుకుని, ఆ అమ్మాయి బొమ్మ మీది గీతను కొట్టేసి 'ఒప్పు' అని రాశాను. తర్వాత మధ్యాహ్న భోజనం వండే అక్కను బతిమాలి, పిల్లల ముందే గుప్పెడు రొయ్యలు ఉడకబెట్టించాను. పాలిపోయి ఉన్నవి చూస్తుండగానే ఎర్రబడ్డాయి. ఆ రంగు మొదటినుంచీ వాటిలోనే దాగి ఉందనీ, వేడికి బయటపడిందనీ చెప్పాను.

ఆ అమ్మాయి చెయ్యెత్తింది.

"మరి అంగారకుడు ఏం తిని ఎర్రబడినాడు టీచర్?"

ఎవరూ నవ్వలేదు. అందరూ నావైపే చూశారు.

"ఏమీ తినలేదు. అక్కడి మట్టిలో ఇనుముంది. అది తుప్పు పట్టింది."

"మా పడవ మేకుల మాదిరా?"

"అట్లాంటిదే."

మరునాటికి నా బల్ల మీద మేకులు, విరిగిన తలుపు గడియ, సైకిల్ చైను ముక్క చేరాయి. వాటి తుప్పు గీకి తెల్ల కాగితం మీద వరసగా పోశాం. ఒకటి నారింజ, ఒకటి ఇటికరంగు, ఒకటి దాదాపు నలుపు. నా ఫోనులో అంగారకుడి ఫోటో తెరిచి పక్కన పెట్టాను. వీటిలో ఏది దానికి దగ్గరని పిల్లలు వాదించుకుంటూ, ఇంటిగంట కొట్టినా కదల్లేదు.