మా మామగారు గర్జించలేదు

మా మామగారు పోయారు. కిందటి నెల్లో ఒక బుధవారం పొద్దున్నే కాఫీ తీసుకెళ్ళి "మామయ్య గారూ" అని పిలిస్తే పలకలేదు. పలికినా ఒక్కోసారి నాకు వినపడేది కాదు కనుక, గ్లాసు బల్ల మీద పెట్టి మళ్ళీ పిలిచాను. తరవాత భుజం మీద చెయ్యి వేసి చూశాను. నిద్రలోనే వెళ్ళిపోయారు. ఎవర్నీ ఇబ్బంది పెట్టకుండా, చడీచప్పుడూ లేకుండా పోవడం ఆయనకు తగ్గట్టే ఉంది. మాకే బాగాలేదు.

మర్నాడు పేపర్లో "మాజీ శాసనసభ్యుడి మృతి" అని నాలుగు లైన్లు వేశారు. వాళ్ళకు తెలిసింది అంతే, తప్పు పట్టను. నా బాధంతా పెదకర్మ రోజు మా ఇంటి ముందు షామియానా కింద జరిగిన సంతాప సభ గురించి. ఒకప్పుడు ఆయనకు టికెట్టు రాకుండా చేసిన పార్టీ పెద్దమనిషే కారు దిగి, ఫొటోకు దండ వేసి, మైకు పట్టుకుని, "శాసనసభలో ఆయన సింహంలా గర్జించేవారు" అన్నాడు. నాకు ఏడుపులోనే నవ్వొచ్చింది. పమిట నోటికి అడ్డం పెట్టుకున్నాను. చూసినవాళ్ళు, పాపం కోడలు ఎంత కుమిలిపోతోందో అనుకుని ఉంటారు. సింహమేమిటండీ! మా మామగారు మజ్జిగ అడిగితే పక్క గదిలోకి వినపడేది కాదు. పోయినవాళ్ళ మీద ఎవరికి తోచిన శాలువా వాళ్ళు కప్పేసి వెళ్ళిపోతే ఎలా? అందుకే ఇది రాస్తున్నాను. ఆ సభలో ఆ తరవాత ఏం జరిగిందో కూడా చెబుతాను, కానీ ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఎనభైల మొదట్లో నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాను. మా పుట్టిల్లు మార్టూరు వైపు. మా ఊళ్ళో మాట్లాడితే పక్క పొలంలో వాళ్ళు జవాబు చెప్పాలి, అదీ మా లెక్క. అత్తగారు నేను రాకముందే పోయారు. ఇంట్లో మేం ముగ్గురమే: మామగారు, మా ఆయన, నేను. మా ఆయనకు టౌన్లో పురుగుమందుల కొట్టు, గొంతు మాత్రం నిక్షేపంలా ఉంటుంది. మామగారికే అలా ఎందుకొచ్చిందో తెలీదు. "ఈ గొంతుతో ఎలా గెలిచారు మామయ్య గారూ?" అని కొత్తల్లోనే అడిగేశాను. ఆయన నొచ్చుకోలేదు. "నేను చెప్పేది వినాలంటే జనం దగ్గరికి వచ్చేవాళ్ళమ్మాయ్. దగ్గరికొచ్చి చూస్తే ఫరవాలేదనిపించి ఉంటాను" అన్నారు.

మైకు కట్టిన జీపు పంపిస్తామంటే వద్దనేవారు. అసెంబ్లీ జరిగే రోజుల్లో శనివారం ఇంటికి వస్తారా, గుంటూరులో రైలు దిగి, బస్సెక్కి, ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, తిన్నగా కల్లంలోకి వెళ్ళేవారు. బడ్జెట్టు సమావేశాలూ మిరపకోతలూ ఒకేసారి వస్తాయి మాకు. ఎండిన కాయలు కుప్పలు పోసి ఉంటాయి. ఆడవాళ్ళు వాటి చుట్టూ కూర్చుని ఎర్రకాయల్లోంచి తెల్లబారిన తాలుకాయలు ఏరుతుంటారు. ఈయన కూడా ఒక కుప్ప దగ్గర కూర్చుని తాలు ఏరుతూ, ఆ వారం అక్కడ ఏమేం బిల్లులొచ్చాయి, తాను దేనికి అవునన్నారు, దేనికి కాదన్నారు, ఎందుకన్నారు, అన్నీ చెప్పేవారు. గుంటూరు జిల్లాలో పుట్టి మిరప ఘాటు పడని మనిషి! ముక్కుకు కండువా చుట్టుకుని కూర్చునేవారు. అసలే వినపడని గొంతు, ఆపైన కండువా, మధ్య మధ్య తుమ్ములు. "వాళ్ళెవరూ అడగలేదు కదా, ఎందుకీ తిప్పలు?" అంటే, "అడిగినవాళ్ళకు అడిగినప్పుడు చెప్పొచ్చు. అడగనివాళ్ళకు మనమే వెళ్ళి చెప్పాలి" అనేవారు.

ఒక ఏడు ఆ సమావేశాల మొదట్లోనే ఒక బిల్లు వచ్చింది. కాలవ కట్టల మీద వేసుకున్న ఇళ్ళను తీసేయవచ్చు, బదులు చోటు చూపించక్కర్లేదు. కాలవ బాగుండాలి, నిజమే. కానీ మా కల్లంలో తాలు ఏరే ఆడవాళ్ళలో సగంమందికి సాగర్ కాలవ కట్ట మీదే పాకలు. వాళ్ళ తాటాకుల గుడి కూడా అక్కడే, ఆదివారం పాటలు మా పెరట్లోకి వినపడేవి. బిల్లు తెచ్చింది మామగారి పార్టీయే.

ఆ శనివారం ఆయన కల్లంలో సంగతంతా చెప్పి, "బిల్లు ప్రవేశపెట్టడానికి సభ్యుల్ని నోటిమాటగా అడిగారమ్మా. నేను కాదన్నాను" అన్నారు.

కూలీల మేస్త్రమ్మ సువార్తమ్మ అని ఒకావిడ ఉంది. ఆవిడ చేతిలో కాయ అలాగే పట్టుకుని, "ఎట్టా అన్నారయ్యా?" అంది.

"ఎట్టా అంటే? కాదు అన్నాను."

"ఇప్పుడు మాతో అన్నట్టేనా?"

"అట్టాగే."

"ఇంకేవంటాం! పక్కన కూచున్న దానికే ఇనపడలా, హైదరాబాదులో ఎవురికి ఇనపడుద్ది?"

కల్లమంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. మామగారు మాత్రం నవ్వలేదు, తుమ్మలేదు కూడా. ఆ రాత్రి అన్నం కలుపుతూ, "అమ్మాయ్, నిజంగానే నా మాట వినపడదా?" అని అడిగారు.

"మీరు మజ్జిగ అడిగారని మీరు చెయ్యి కడుక్కున్నాక తెలుస్తుంది మామయ్య గారూ" అన్నాను. నా నోటికి ఆడడమే తెలుసు, ఆగడం తెలీదు.

ఆయన కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేశారు. "నోటిమాటలో అదే సుఖం. ఎవరేమన్నారో పేర్లుండవు. ఎటైనా చెప్పుకోవచ్చు. నేను కాదన్నానని సువార్తమ్మ ఎందుకు నమ్మాలి?" అన్నారు.

బిల్లు మీద అసలు ఓటు నెలాఖరుకు ఉందనగా, ఇందాక చెప్పిన పార్టీ పెద్దమనిషి జీపులో మా ఇంటికి వచ్చాడు. "మీరు అవుననొద్దు, కాదనొద్దు. ఓటింగు గంట మోగగానే క్యాంటీన్లోకెళ్ళి కాఫీ తాగి రండి. అంతే మేం కోరేది. రేపు ఎన్నికల్లో టికెట్టు మీ ఇంటికే వస్తుంది" అన్నాడు.

మామగారు ఏదో అన్నారు.

"ఏవన్నారు?" అన్నాడాయన ముందుకు వంగి.

ఇలాంటప్పుడు మామగారి మాటను గట్టిగా తిరిగి చెప్పడం నా ఉద్యోగం. గుమ్మంలోంచి, "కాఫీ ఇంట్లోనే బాగుంటుందంటున్నారండీ!" అన్నాను. జీపు డ్రైవరు కూడా విన్నాడు.

ఆయన వెళ్ళాక మా ఆయన ఊరుకోలేదు. "ఏం పోయింది నాన్నా? ఒక్క కప్పు కాఫీ! మీరు ఒక్కరు కాదన్నంత మాత్రాన బిల్లు ఆగుతుందా? నా కొట్టుకొచ్చే వాళ్ళంతా పార్టీవాళ్ళే. మీరు బయటికెళ్ళారని ఇక్కడ ఎవరికి తెలుస్తుంది?"

"కల్లంలో చెప్పాలి కదరా" అన్నారు మామగారు.

"చెప్పకండి!"

"ఇన్నాళ్ళూ చెప్పి, ఇదొక్కటీ చెప్పకపోతే తెలిసిపోదూ?"

తండ్రీకొడుకుల మధ్య అంత మాట పట్టింపు నేను అంతకు ముందు చూడలేదు. మా ఆయన అన్నం తినకుండా కొట్టుకు వెళ్ళిపోయారు. మామగారు నావైపు తిరిగి, "నువ్వు నాతో హైదరాబాదు రా అమ్మాయ్. పైన కూర్చుని విను. నా మాట వినపడిందో లేదో నువ్వయితే మొహమాటం లేకుండా చెబుతావు" అన్నారు.

పాసు ఇప్పించారు. ప్రేక్షకుల గ్యాలరీలో ముందు వరుసలో కూర్చున్నాను. మా ఊళ్ళో అందరూ చూసి నమస్కారం పెట్టే ఆయన, ఇక్కడ పైనుంచి చూస్తే ఎంత చిన్నగా కనపడ్డారో! తెల్లటి చొక్కాల మధ్య ఒక తెల్లటి చొక్కా. సభాపతి బిల్లు చదివించి, అనుకూలమైనవారు అవుననండి అన్నారు. పెద్ద కేక లేచింది. వ్యతిరేకమైనవారు కాదనండి అన్నారు. అవతలి పక్షం బల్లల్లోంచి "కాదు" అని లేచింది. నేను చెవులు రిక్కించాను. మామగారి పెదాలు కదిలాయి. అంతే. నాకు వినపడలేదు. గట్టిగా అనండి మామయ్య గారూ, అని అరవబోయాను కూడా. గ్యాలరీ బంట్రోతు నావైపు చూసి వేలు పెదాల మీద పెట్టుకున్నాడు.

అవునన్నవారే ఎక్కువ అని సభాపతి అన్నారు. అందరూ కాగితాలు సర్దుకుంటున్నారు. అప్పుడు మామగారు లేచి నిలబడ్డారు. ఏదో అడిగారు. ఎవరికీ వినపడలేదు. పక్కనున్నాయన పంచె అంచు పట్టుకుని కిందికి లాగాడు. ఈయన కూర్చోలేదు. మళ్ళీ అడిగారు, మళ్ళీ వినపడలేదు. అలాగే నిలబడి ఉన్నారు. చివరికి సభాపతి కళ్ళు అటు తిరిగాయి. సభ మెల్లగా సద్దుమణిగింది. ఆ నిశ్శబ్దంలో, "డివిజన్ కావాలి అధ్యక్షా. మనుషుల్ని లెక్కపెట్టండి" అన్న మాట పల్చగా పైదాకా వచ్చింది.

అవతలి పక్షంవాళ్ళు అందుకుని బల్లలు చరిచారు. గంట మోగింది, తలుపులు మూశారు. ముందు అనుకూలమైనవాళ్ళను లేచి నిలబడమన్నారు. మామగారి చుట్టూ వరుసలన్నీ లేచాయి, ఆయనొక్కరూ కూర్చున్నారు. ఆ మనుషుల మధ్య నాకు ఆయన కనపడలేదు. లెక్క అయ్యాక వాళ్ళంతా కూర్చున్నారు. వ్యతిరేకమైనవాళ్ళను లేవమన్నారు. ఇవతలి వరుసలన్నిటిలో ఆయనొక్కరే లేచారు. కండువా సర్దుకుని, చేతులు కట్టుకుని, బళ్ళో హాజరు పిలిచేటప్పుడు పిల్లవాడు నిలబడినట్టు నిలబడ్డారు. లెక్కపెట్టేవాడు ఆ వరుసలో ఆయన్ను ఒక్కణ్ణే లెక్కపెట్టుకుని వెళ్ళాడు. బిల్లు నెగ్గింది.

రైల్లో కూర్చున్నాక, "వినపడిందా అమ్మాయ్?" అని అడిగారు.

"లేదు మామయ్య గారూ. కానీ అందరికీ కనపడ్డారు" అన్నాను. ఆయన తల ఊపి కిటికీలోంచి బయటికి చూశారు. ఆ రోజు ఆయనంటే నాకెంత గౌరవం కలిగిందో అప్పుడే నోరు తెరిచి చెప్పాల్సింది. పల్లీలు కొనిపెట్టాను.

శనివారం కల్లంలో ఆయన నోరు విప్పేలోగా సువార్తమ్మ, "ఈసారన్నా గట్టిగా అన్నారా అయ్యా?" అంది. నేను ఆగలేకపోయాను. నిలబడ్డారని, వాళ్ళంతా లేచినప్పుడు కూర్చున్నారని, కూర్చున్నప్పుడు లేచారని, అంతా చెప్పేశాను. ఎలా నిలబడ్డారో చూపించమన్నారు ఆడవాళ్ళు. మామగారు సిగ్గుపడుతూ మిరపకుప్పల మధ్య లేచి చేతులు కట్టుకుని నిలబడ్డారు. నిలబడి గట్టిగా తుమ్మారు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మరి మా ఇళ్ళు?" అంది సువార్తమ్మ.

"ఓడిపోయానమ్మా" అన్నారు.

ఆవిడ చాలాసేపు కాయలు ఏరింది. తరవాత, "కూచోండయ్యా, కాళ్ళు నొప్పెడతయ్యి" అంది.

వానలకు ముందే కట్ట మీద పాకలు తీసేశారు. ఎన్నికల్లో టికెట్టు ఇంకొకరికి వచ్చింది, ఆయనకు మంచి గొంతు. మాజీ అయ్యాక మామగారు బస్సుల్లో కలెక్టరాఫీసు చుట్టూ తిరిగారు. అక్కడా వినపడేది కాదేమో, రోజంతా బల్ల ముందు నిలబడేవారట. చివరికి జిన్నింగు మిల్లు వెనక వాళ్ళకు స్థలాలు వచ్చాయి. అందరికీ రాలేదు. రానివాళ్ళ పేర్లు ఆయన పోయేదాకా చెబుతూనే ఉన్నారు. మా ఆయన కొట్టు నిజంగానే దెబ్బతింది. పత్తికి తెల్లదోమ పట్టి ఊళ్ళన్నీ మందుల కోసం ఎగబడ్డ ఏడు కూడా పార్టీవాళ్ళు పక్క కొట్టుకే వెళ్ళారు. తండ్రితో ఆయన మాటలు తగ్గిపోయాయి. "మీ మామగార్ని మందు వేసుకోమను" అని నాతో అనేవారు. "వేసుకున్నానని చెప్పమ్మాయ్" అని ఈయన. ఇద్దరి మధ్యా ఆరడుగుల వసారా, నేను. ఎన్నిసార్లు అనుకున్నానో, ఒక్కరోజు ఇద్దరూ తిన్నగా మాట్లాడుకుంటే చాలని. ఆ రోజు రాకుండానే బుధవారం వచ్చింది.

సంతాప సభ దగ్గరికి వస్తాను. సింహగర్జనలు అయ్యాక పెద్దమనిషి అందర్నీ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించమన్నాడు. లేచాం. తరవాత కూర్చోమన్నాడు. కుర్చీలన్నీ ఒక్కసారి చప్పుడు చేశాయి. వెనక చాపల మీదినుంచి లేచిన మిల్లు వెనక ఆడవాళ్ళు మాత్రం కూర్చోలేదు.

"అయిపోయిందమ్మా, కూర్చోండి" అన్నాడు మైకులో.

సువార్తమ్మ షామియానా గుంజ పట్టుకుని నిలబడి ఉంది. మోకాళ్ళ నొప్పులావిడకు. "మీరు కూచోండి బాబూ. సింహం గింహం మాకు తెలవదు. మా అయ్య ఇట్టా నిలబడ్డాడు" అంది. ఆవిడకు మైకు అక్కర్లేదు, వీధి చివరిదాకా వినపడింది.

అందరూ వెనక్కి తిరిగి చూశారు. నేను లేచాను. నా పక్క కుర్చీ కిర్రుమంది. మా ఆయన లేచి, తండ్రి ఫొటోవైపు చూస్తూ, చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏదో అన్నారు. పక్కనే ఉన్నా నాకు వినపడలేదు.